మూడు సున్నలు

బ్యాంకులో తుపాకి కాపలాదారు ఉద్యోగానికి గురి పరీక్ష పది రోజుల్లో ఉంది. కర్నూలు శిక్షణ మైదానంలో శిక్షకుడు నా చేతికి సన్నని రైఫిల్ ఇచ్చాడు.

“మొదట దీంతో నేర్చుకో అప్పా. తూటాలు చవక, భుజానికి దెబ్బ తగలదు. దినానికి యాభై కాల్చొచ్చు.”

నలభై ఎనిమిదేళ్ల వాణ్ణి, రాత్రి కాలేజీలో చదివి పట్టభద్రుడనైన వాణ్ణి, పిల్లల తుపాకి పట్టడమా? “పెద్దదే ఇప్పించండి” అన్నాను.

పెద్ద రైఫిల్‌తో మూడు తూటాలు పేల్చాను. మూడుసార్లూ కళ్లు మూసుకున్నానని శిక్షకుడు చెప్పాకే తెలిసింది. గురికాగితం చెక్కుచెదరలేదు, నా భుజం మాత్రం వాచింది.

సద్ది తెచ్చిన నా భార్య శివకుమారి గట్టు మీద కూర్చుని అంతా చూసింది. ఆమెకు అక్షరాలు నేర్పుతున్నది నేనే.

“ఏమయ్యోరా, నేను పెన్ను అడిగితే ఏమంటివి? ముందు పలక పట్టు, ఎన్ని తప్పులు రాసినా తుడిస్తే పోతాది అంటివే. మరి నీకు పలక వద్దా?”

వెళ్లి చిన్న రైఫిల్ అడిగి తెచ్చుకున్నాను.

అప్పుడు చూశాను, ఆమె ఒడిలోని పలకను. నా ఫలితం రాసి ఉంది: మూడు సున్నలు, నేను నేర్పినట్టే గుండ్రంగా.

నేను గురి పెట్టబోతుంటే, వాటిని కొంగుతో తుడిచేసింది.