ఏడు నిమిషాలు ఆగిన గుండె

“షుగరు ఉందాండీ?”

“లేదు.”

“బీపీ?”

“మీ పిన్నిగారు కేకలేసినప్పుడు తప్ప లేదు.”

ఉదయ్ నవ్వి ఫారంలో టిక్కు పెట్టాడు. “గుండె జబ్బేమైనా వచ్చిందాండీ?”

“లేదు,” అన్నాడు ఏసుపాదం ఫ్యాను వైపు చూస్తూ.

టీ కప్పులతో వస్తున్న ఎలీసమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఏసుపాదం ముప్ఫైయొక్క ఏళ్ళు బహ్రెయిన్లో స్టోర్‌కీపరుగా చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు, ఎలీసమ్మనీ అక్కడికే తీసుకెళ్ళాడు. కూతురు శారోన్ అక్కడే టీచరు. పొద్దున్నే సముద్రం ఒడ్డున నడక, శుక్రవారం తెలుగువాళ్ళ ప్రార్థన లేకపోతే అతనికి తోచదు. కంపెనీ ఇచ్చిన బీమా మాత్రం ఉద్యోగంతోపాటే పోయింది. ఈసారి అమలాపురం వచ్చాక ఎలీసమ్మ పట్టుపట్టింది. బీమా కాగితం చేతికొస్తే గాని విమానం ఎక్కదట. ప్రయాణం ఇంక ఎనిమిది రోజులే ఉంది.

బీమా ఏజెంటు ఉదయ్ మూడు పాలసీలు తెచ్చాడు. ఒకటి అక్కడ జబ్బు చేస్తే పనికొస్తుంది, ఒకటి ఇక్కడైతే. మూడోది రెండుచోట్లా. ఏసుపాదం మూడు రోజులు కళ్ళజోడు తుడుచుకుంటూ షరతులన్నీ చదివి, అర్థమైనట్టు తలూపడం మాత్రం బాగా నేర్చుకున్నాడు. “మరి విమానంలో జబ్బు చేస్తేనో?” అని అడిగి, తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆఖరికి మూడోది ఎంచుకున్నాడు.

“అదేంటండీ?” అంది ఎలీసమ్మ కప్పులు బల్ల మీద పెట్టి. “పదకొండేళ్ళ కిందట మీకు అక్కడ గుండె ఆగిపోలేదూ?”

ఉదయ్ పెన్ను ఆగింది.

“అది పాత సంగతిలే,” అన్నాడు ఏసుపాదం.

“పాతదైతే లేనట్టేనా? మీరు ఫోన్ చేసి చెప్పేక నేనిక్కడ నలభై రోజులు ఉపవాసం ఉన్నాను. మీరు బతికితే చాలని కాఫీ మానేశాను. ఇప్పటికీ ముట్టలేదు.”

కాఫీ మాట వినగానే ఏసుపాదానికి సిగ్గేసింది. తల వంచుకున్నాడు.

ఆ సంగతి ఎలీసమ్మకే కాదు, ఊరందరికీ తెలుసు. ఏటా సెలవుకి వచ్చినప్పుడు చర్చిలో సాక్ష్యం చెప్పేవాడు. దేవుడు చేసిన మేలు నలుగురి ముందూ చెప్పుకోవడం మంచిదే. కానీ మైకు చేతికొస్తే ఏసుపాదానికి ఒళ్ళు తెలియదు. మొదటి ఏడాది సాక్ష్యంలో గుండె ఒక్క నిమిషం ఆగింది. రెండో ఏడాది మూడు నిమిషాలు. పోయిన క్రిస్మస్‌కి ఏడు. ఇంకో నాలుగేళ్ళు చెప్పనిస్తే పూటంతా ఆపేసేవాడే.

ఉదయ్ ఫోన్లో వెతికి, చర్చివాళ్ళు పెట్టిన ఆ సాక్ష్యం వీడియో చూపించాడు. తెల్లచొక్కాలో చెయ్యెత్తి అరుస్తున్న తనని తను చూసుకుని, ‘ఓరి నీ గొంతు తగలెయ్య’ అనుకున్నాడు ఏసుపాదం.

“పన్నెండు వేల మంది చూసేరండి బాబాయిగారూ. మా కంపెనీవాళ్ళూ చూస్తారు. దాచేరని తేలితే పాలసీ రద్దయిపోద్దండి. ఒప్పుకున్నారనుకోండి, కాస్త ఎక్కువ కట్టాలి, గుండె వైద్యానికి మూడేళ్ళు ఆగాలి. పాలసీ మాత్రం వస్తుంది. అప్పటి ఆస్పత్రి కాగితం ఉందాండీ?”

“పోయింది.”

“అయితే రేపు మా కంపెనీ డాక్టరుగారు ఫోన్ చేస్తారు. ఆవిడకి చెప్పేయండి.”

సాయంత్రం ఏసుపాదం పాస్టరుగారింటికి పరిగెత్తాడు.

“అయ్యగారూ, వందనాలండి. ఆ వీడియో తీయించేయాలండి.”

“అయ్యో, ఎందుకండీ? అది విని మండపేటలో ఒకాయన తాగుడు మానేసేడండి. మొన్ననే ఫోన్ చేసి ఏడ్చేడు.”

“బీమా ఇబ్బందండి.”

పాస్టరుగారు నవ్వేశారు. “పాలసీ కోసం దేవుడి మేలు దాచేస్తారేంటండీ? నిజం చెప్పేయండి. రేపు నేనొచ్చి పక్కన కూచుంటాను, ధైర్యంగా ఉంటుంది.”

“మీకెందుకండీ శ్రమ?”

“ఆయ్, శ్రమేముందండి, వస్తాను.”

ఇంట్లో ఇద్దరు సరిపోలేదని మూడోవాణ్ణి పిలుచుకొచ్చావురా ఏసుపాదం, అని తనని తనే తిట్టుకుంటూ ఇంటికి నడిచాడు.

మర్నాడు పది గంటలకి నలుగురూ హాల్లో కూర్చున్నారు.

“మూడేళ్ళు కాకపోతే ఆరేళ్ళు ఆగుదాం,” అంది ఎలీసమ్మ మెల్లగా. “డబ్బెక్కువైతే అవనీండి. నాకు మీరు కావాలి. అబద్ధం మాత్రం ఆడకండి.”

అతనికి ఏడుపొచ్చినంత పనయింది. ఇంతలో ఫోన్ మోగింది. ఉదయ్ స్పీకరు పెట్టాడు.

“డాక్టర్ సూర్యావతినండీ. ఈ కాల్ రికార్డవుతోంది. ఫారంలో గుండె జబ్బు లేదని రాసేరు. వీడియోలో గుండె ఏడు నిమిషాలు ఆగిందంటున్నారు. నొప్పి వచ్చిన మాట నిజమేనాండీ?”

“నిజమేనండి.”

“ఆస్పత్రిలో చేరేరా?”

“అంబులెన్సులో తీసుకెళ్ళేరండి. రాత్రంతా ఉంచేరు.”

ఉదయ్ హమ్మయ్య అనుకుని, ‘లేదు’ అన్న టిక్కు కొట్టెయ్యడానికి పెన్ను తీశాడు. పాస్టరుగారు భుజం తట్టారు. ఎలీసమ్మ కళ్ళు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుంది.

“మరి అక్కడి డాక్టర్లు ఏమన్నారండీ?”

ఏసుపాదం ఒక్కొక్కరి మొహమూ చూశాడు. ఎలీసమ్మ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు, వదిలేస్తుందేమోనని.

“గ్యాస్ అన్నారండి.”