పన్నెండు సరుగుడు కర్రలు

ఇల్లు చూసేదానికి వచ్చినాయన చెప్పులు వాకిట్లోనే విడిచినాడు.

ఆఫీసు మనుషులు అట్ట విడవరు. అల్లావుద్దీన్‌కు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

వారం నుంచి ఇన్సూరెన్సు మనిషి కోసం కాచుకోనుండాడు. ముప్పై ఏళ్లు దాటిన ఇల్లయితే కంపెనీ మనిషి వచ్చి చూసి, బాగుందని రాస్తేనే పాలసీ.

పోయిన తుపానుకు ఎదురిల్లు కూలింది. వాళ్లకు పాలసీ ఉన్నింది, మళ్లా కట్టుకున్నారు. పక్క వీధి అక్రమ్ ఇల్లూ కూలింది. పాలసీ లేదు. ఇప్పుడు చిల్లకూరు దగ్గర హైవే పక్కన పట్ట కింద కాపురముంటా ఉండాడు, పెళ్లాం బిడ్డలతో.

అల్లావుద్దీన్ బోట్ల ఇంజన్లు బాగుచేసి బతికే మనిషి. పదకొండేళ్ల కింద పాతదని చౌకగా కొన్నాడీ ఇంటిని. ఇది పడితే ఇంకోటి కట్టడం ఈ జన్మలో జరిగే పని కాదు. మళ్లా తుపాన్ల కాలం వచ్చేసింది.

వచ్చినాయన అరవై దాటిన మనిషి. స్టూలెక్కి, చిన్న సుత్తితో నడిమింటి స్లాబును కింద నుంచి కొట్టి చూసినాడు. గట్టిగా మోగాల్సింది డొల్లగా మోగింది. పెచ్చు ఊడి అల్లావుద్దీన్ తల్లి జమాల్‌బీ మంచం మీద పడింది.

"ఈ గదిలో ఎవురూ పడుకోవద్దు," అన్నాడాయన.

"పాలసీ వస్తాదా సార్?"

ఆయన గోడ మీద చెయ్యి ఆనించి, స్లాబులో పగుళ్లు ఎందాక పోయినాయో చూసుకున్నాడు.

పెళ్లాం కౌసర్ సైగ చేస్తే, అల్లావుద్దీన్ ఒక కవరు తీసి ఆయన జేబులో పెట్టబోయినాడు. ఆయన నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగి, చెప్పులేసుకుని వెళ్లిపోయినాడు.

"కవరు పలచగా ఉందని అలిగినట్టుండాడు," అనింది కౌసర్.

మరుసటి రోజు ఆటోలో పన్నెండు సరుగుడు కర్రలు వేసుకుని ఆయనే దిగినాడు. పొద్దున మొదలుపెట్టి మధ్యాన్నం దాకా నడిమింట్లో కర్రలన్నీ స్లాబుకు ఊతంగా బిగించినాడు. కూలి అడగలేదు. జమాల్‌బీ మజ్జిగిచ్చి పేరడిగితే టైటస్ అన్నాడు. ఏ కంపెనీ నాయనా అంటే గ్లాసు కింద పెట్టి, కర్రల బిగువు చూసేదానికి లేచినాడు.

"వానలు పోయే దాకా వీటిని కదిలించొద్దమ్మా," అని మాత్రం రెండు సార్లు చెప్పినాడు.

జమాల్‌బీ మంచం వరండాలోకి మారింది.

రెండు రోజులకు ఫోనొచ్చింది. ఇన్సూరెన్సు నుంచి విజయభాస్కర్ అంట, రేపు పదకొండుకు వస్తాడంట.

మరి వచ్చిపోయినోడెవురు?

కౌసర్ ఇంట్లో సామాన్లన్నీ చూసుకునింది. ఏదీ పోలేదు. పక్కింటి ఓబులేసు ఊరుకుంటాడా? దొంగలు ఇట్టనే ముందొచ్చి ఇల్లంతా చూసుకుని పోతారన్నాడు. పోతా పోతా ఇంకో మాట అన్నాడు.

"ఆ కర్రలు చూస్తే నీకు పాలసీ ఇస్తాడా భాయ్? మంచాన పడినోడికి పిల్లనిచ్చినట్టుంటాది."

అల్లావుద్దీన్ ఆ సాయంత్రమే పన్నెండు కర్రలూ పీకి దొడ్లో పారేసినాడు. పగుళ్లకు పుట్టీ పెట్టి, పైన సున్నం కొట్టినాడు.

విజయభాస్కర్ మెడలో కార్డు వేసుకుని, బూట్లతోనే లోపలికొచ్చినాడు. సెల్లుతో నాలుగు ఫోటోలు తీసినాడు. తల పైకెత్తి ఒకసారి చూసినాడు. కవరు తీసుకున్నాడు.

"ఇల్లు బాగుంది. రాసేస్తా."

ఆ మాటకు అల్లావుద్దీన్‌కు కండ్లలో నీళ్లు తిరిగినాయి. పేదోడి ఇంటిని బాగుందన్న మొదటి ఆఫీసరు.

కంపెనీవోళ్లే బాగుందన్నాక ఇంకేం భయం? వరండాలో చలికి ముసలామె దగ్గతా ఉందని మంచం మళ్లా నడిమింట్లో వేసినారు.

మూడో రోజు వాన పట్టుకునింది. మధ్యాన్నం జమాల్‌బీ నాలుగు ముద్దలు తిని నడుం వాల్చింది.

శబ్దానికి కౌసర్ వంటింట్లోంచి వచ్చి చూసేసరికి, నడిమింట్లో ఆకాశం కనపడతా ఉంది.

కూలిన స్లాబులో ఇనప కమ్ముల్ని ఉప్పు తినేసింది, చీపురు పుల్లల్లా ఉన్నాయి. జమాల్‌బీ చనిపోయిన మూడో రోజు, ఫాతిహా ప్రార్థనల నాడు పోస్టులో పాలసీ కాగితం వచ్చింది. ఫోను చేస్తే, వానకు పడింది కాదు, పాతబడి పడింది, దానికి డబ్బులు రావన్నారు. బాగుందని రాసినోడు ఫోనెత్తలేదు.

అల్లావుద్దీన్ కోపమంతా ఆ టైటస్ మీదికి తిరిగింది. అంత తెలిసినోడు విడమరిచి చెప్పి ఉంటే అమ్మ బతికేది కదా. ఆటోవాడిని వెతికి పట్టుకుని, గూడూరు శివార్లలో ఆయన రేకుల ఇంటికి పోయినాడు.

కూతురు మెర్లిన్ ఉన్నింది. అల్లావుద్దీన్ తనదే ఊరో, ఏ వీధో, ఏం జరిగిందో చెప్పినాడు. నాయన ఇంట్లో లేడు, మీ ఊరికే పోయినాడు, ఇంకో ఇంటికి కర్రలు పెట్టేదానికి అనింది.

"సార్ సార్ అంటా ఉంటే కంపెనీ మనిషిని కాదని ఒక్క మాట చెప్పకూడదా అమ్మా? స్లాబు పడతాదని తెలిసి, ఎందుకు పడతాదో నోరు తెరిచి చెప్పకూడదా?"

"మొదటింట్లో చెప్పినాడన్నా. కొట్టి పంపినారు. పది రోజులు మంచం దిగలేదు. అప్పటి నుంచి ఎవురికీ చెప్పడం లేదు."

"మంచి చెప్పేదానికి వచ్చినోడిని ఎందుకు కొడతారు?"

మెర్లిన్ అల్లావుద్దీన్ ముఖంలోకి చూడలేకపోయింది.

"ముప్పై ఆరేళ్ల కింద మీ వీధిలో నాలుగిండ్లకు సముద్రం ఇసకతో స్లాబు పోసిన మేస్త్రీ మా నాయనే అన్నా," అనింది.