మినహాయింపు

నిరోష కంప్యూటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా బస్సులో వచ్చింది. కండక్టర్ దానికి టికెట్ అడగలేదు. పైగా గుంత వచ్చినప్పుడల్లా "పైలం బిడ్డా" అన్నాడు.

పాల సంఘం పెద్దాఫీసులో సర్వర్ చూసే దివాకర్ డబ్బా విప్పి డిస్కు ఆడించి చూశాడు. సరిగా తిరగడం లేదు. గరగరమంటోంది. హైదరాబాద్‌లో డిస్కులు బాగుచేసే అతనికి ఆ చప్పుడు ఫోన్లో వినిపించాడు.

"ఆశ వదులుకోండి" అన్నాడతను.

"బ్యాకప్‌ల ఉంటది గదన్నా? ఒక్క ఫోల్డర్ చాలు. వినోదక్కది" అంది నిరోష.

వినోద పోయిన నెల చనిపోయింది. ఎల్లారెడ్డి పాల సెంటర్లో నిరోష పక్క కుర్చీ ఆమెది. రోగం ముదిరాక రోజూ మధ్యాహ్నం తలుపేసుకుని, రైతులకు పాల రేట్లు చదివే మైకులోనే కూతురి కోసం మాటలు రికార్డు చేసింది. పెద్దయ్యాక వినాల్సినవి, పెళ్లినాడు వినాల్సినవి. "నేను పోయినంక పాపకియ్యి" అని నిరోష ఒక్కదానికే చెప్పింది. దినాలయ్యాక నిరోష ఆ సంగతి పాపకు చెప్పింది; మాటలు ఇచ్చేలోపే కంప్యూటర్ ఆగిపోయింది.

దివాకర్ సెంటర్ల ఫైళ్లన్నీ రోజూ కాపీ అయ్యే సర్వర్ తెరిచాడు. ఎల్లారెడ్డి పాల కొలతలున్నాయి. ఉత్తరాలున్నాయి. పాడైన ఫ్యాన్ ఫొటో కూడా ఉంది. వినోద ఫోల్డర్ ఖాళీ.

"గిదేందన్నా?"

"పాటలు, వీడియోలు కాపీ కావొద్దని అన్ని సెంటర్లకు ఈడికెంచే రూల్ పెట్టిన. పోరగాండ్లు సినిమా పాటలతోని సర్వర్ నింపుతున్నరని. దానికి పాటైనా, మాటైనా ఒక్కటే."

"ఒకవేళ మా దాంట్ల రూల్ ఎక్కలేదేమో?"

"జుక్కల్ సెంటర్ల ఎక్కలే. నెట్ సక్కగ రాదు. వాండ్ల డీజే పాటలన్నీ భద్రంగున్నయి." నవ్వబోయి ఆగిపోయాడు. "మీ దాంట్ల ఎక్కింది. వినోదనే ఫోన్ చేసి చెప్పింది, మంచిగ ఎక్కిందని."

"పాటలకే అనుకున్నది పాపం."

పాత కాపీలు వెతికాడు. అంతకు ముందువీ వెతికాడు. ఎక్కడా లేదు.

"నువ్వేమన్న విన్నవా?" అడిగాడు.

"ఒక్కటే విన్ననన్నా. జ్వరమొస్తె చారు ఎట్ల కాచుకోవాల్నో చెప్పింది. మిరియాలు ఎక్కువ, చింతపండు తక్కువ."

"మళ్ల చెప్పు."

నిరోష మళ్లీ చెప్పింది. ఈసారి వినోద లాగే, ఆగి ఆగి చెప్పింది.

పొద్దుగూకాక దివాకర్ ఇల్లు చేరేసరికి, తలుపు తీసిన పాప అతని చేతుల వైపు చూస్తూ అడిగింది: "అమ్మ మాటలు తెచ్చినవా బాపూ?"