స్కెల్బీ బహిష్కరణ పర్వం

"ఒక్క పాయింటా!" అంటూ క్లెమెంట్ ఔత్‌వెయిట్ బల్ల మీద చరిచిన చరుపుకి మూడు కప్పుల్లోని టీ సాసర్లలోకి దిగింది. "ఏడు మ్యాచ్‌లు దొంగపేరుతో ఆడించినవాళ్ళకి శిక్ష ఒక్క పాయింటా మేడమ్?"

ఉత్తర వోల్డ్స్ ఫుట్‌బాల్ లీగ్ వారి క్రమశిక్షణ సంఘం అనే ఆ ధర్మాసనం ఊరి క్రికెట్ క్లబ్బు మేడగదిలో, గోడన వేలాడే లీగ్ ఫలితాల పట్టిక కింద కొలువై ఉంది. అధ్యక్షురాలు హిలరీ బ్రాకిల్‌బ్యాంక్, రిటైరైన పోస్టుమాస్టరమ్మ. ఆమెకు కుడివైపు సభ్యుడు వింటున్నాడు, ఎడమవైపు సభ్యుడు బిస్కట్లు తింటున్నాడు. ఫిర్యాది రాత్‌బీ జట్టు కార్యదర్శి ఔత్‌వెయిట్. ముద్దాయి స్కెల్బీ జట్టు కార్యదర్శి డగీ పాష్లీ.

"తప్పు మాదే, కాదన్లేదు," అన్నాడు డగీ. "మా గోల్‌కీపర్ మీద నిషేధం పడింది. తమ్ముడి పేరు రాసి వాణ్ణే నిలబెట్టాం."

"ఆ తమ్ముడు నాలుగు నెలలుగా నడిసముద్రంలో చమురుబావి మీద ఉన్నాడు మేడమ్! ఆ దొడ్డికాళ్ళు చూసి నేను పట్టేశాను. ఆ కాళ్ళ సందులోంచి మా ఊరి బస్సు పోతుంది."

"బస్సు సంగతేమో గానీ బంతులన్నీ పోయాయి బాబాయ్," అన్నాడు డగీ దిగులుగా. "వాణ్ణి పెట్టుకుని ఏడింట్లో ఆరు ఓడాం. ఒక్కటి డ్రా."

"అందుకే ఒక్క పాయింటు," అంది అధ్యక్షురాలు. "మోసంతో సంపాదించింది అంతే. దాన్ని తీసేస్తున్నాం."

ఔత్‌వెయిట్‌కి ఒళ్ళు మండిపోయింది. లీగ్ మొన్న శనివారంతో ముగిసింది. రెండో డివిజన్‌లో చివర మిగిలిన రెండు జట్లూ మూడోదానికి దిగిపోవాలి. అట్టడుగున డన్‌స్కర్. దానికి నాలుగు పాయింట్లు పైన రాత్‌బీ. రాత్‌బీకి సరిగ్గా ఒక్క పాయింటు పైన, గట్టెక్కి కాళ్ళు చాపుకుని, స్కెల్బీ. ఒక్క పాయింటు తీస్తే రెండు జట్లూ సమానమవుతాయి. అప్పుడు తిన్న గోల్స్ లెక్క చూస్తారు, ఎక్కువ తిన్నవాళ్ళు దిగాలి. ఆ లెక్కలో రాత్‌బీని మించిన వీరులు ఆ డివిజన్‌లో లేరు. మూడో డివిజన్ అంటే కుక్కల్ని తిప్పే పార్కులో ఆట. అక్కడికి రామని కుర్రాళ్ళు తెగేసి చెప్పారు. దిగితే రాత్‌బీ జట్టే ఉండదు.

అతడు కోటు జేబులోంచి లీగ్ నిబంధనావళిని, చర్చిలో పాదిరి ప్రార్థనల పుస్తకం తీసినంత భక్తిగా, బయటికి తీశాడు.

"ఇరవై రెండో నిబంధన! పదేపదే మోసగించిన జట్టును లీగ్ నుంచి బహిష్కరించవచ్చు. బహిష్కృత జట్టును దిగిపోవలసిన రెండింటిలో ఒకటిగా లెక్కించాలి. అంటే స్కెల్బీ పోవాలి, డన్‌స్కర్ పోవాలి. మేం ఉండాలి. ఇంత తేటగా రాసిపెట్టి ఉంటే మీరు పాయింట్లు గిల్లుతూ కూర్చున్నారు!"

"ఓ దొడ్డికాళ్ళవాడి కోసం జట్టునే వెలెయ్యాలా బాబాయ్?" అన్నాడు డగీ. "వాడు ఆపిన గోల్స్ నాలుగు."

"నువ్వు నోరు మూసుకో డగీ. ఏడుసార్లు దొంగసంతకం పెట్టిన చెయ్యి నీది."

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఔత్‌వెయిట్ గారూ, వచ్చే గురువారానికి వాయిదా వేస్తాను. పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి మరోసారి నిదానంగా చూసుకోండి."

"నిదానం! మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఫోన్ చేస్తే మీరు తోటలో ఉన్నారన్నారు. ఫోటోలు పంపితే కాళ్ళు సరిగా పడలేదన్నారు. ఇంకా గురువారమా? ఈ పుస్తకం నాకు కంఠతా వచ్చు మేడమ్. ఇవాళ తేల్చకపోతే జిల్లా సంఘానికి ఫిర్యాదు చేస్తాను. మీ మీద!"

"మీరు కోరేది బహిష్కరణే కదా? తర్వాత మాట మార్చకూడదు."

"బహిష్కరణే. అంతకు దమ్మిడీ తగ్గను."

ఓటు పెట్టారు. అధ్యక్షురాలు చెయ్యెత్తింది. కుడివైపు సభ్యుడు ఎత్తాడు. ఎడమవైపు సభ్యుడి చెయ్యి బిస్కట్ల పళ్ళెం వైపు లేచింది. దాన్నీ లెక్కలో వేసుకున్నారు. శిక్ష ఏకగ్రీవమైంది.

డగీ లేచి చెయ్యి చాపాడు. "బాగా పోరాడావు బాబాయ్."

ఔత్‌వెయిట్ ఆ చెయ్యి అందుకున్నాడు. విజేతకు ఔదార్యం అలంకారమని అతడికి తెలుసు. నెలరోజుల మంట చల్లారి, గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు.

అధ్యక్షురాలు స్కేలూ ఎర్ర కలమూ పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది. ఆ పట్టికలో ప్రతి జట్టుకూ ఒక అడ్డవరస, ఒక నిలువువరస. స్కెల్బీ అడ్డవరస మీద ఈ చివరినుంచి ఆ చివరికి గీత కొట్టింది. ఔత్‌వెయిట్ ఆ గీతను సంగీతం విన్నట్టు విన్నాడు. ఆమె స్కేలును నిలువుగా తిప్పింది.

"అడ్డగీత చాలు కదా మేడమ్? నిలువుగీత దేనికి?"

"పేజీ తిప్పితే ఇరవై మూడో నిబంధన ఉంది నాయనా. బహిష్కృత జట్టుతో ఎవరాడినా ఆ మ్యాచ్‌లు జరగనట్టే. నెగ్గినవాళ్ళ పాయింట్లూ పోతాయి." కలం పై గడినుంచి కిందికి జారుతూ వచ్చింది. "డన్‌స్కర్‌కి పోవడానికేం లేదు, రెండుసార్లూ స్కెల్బీ చేతిలో ఓడింది. మీరేమో రెండుసార్లూ గెలిచారు. గెలుపుకి మూడు చొప్పున ఆ ఆరూ తీసేస్తే, అట్టడుగున మీరే."