తలుపు వైపు చూసే పక్షులు

"ఇటు తిరగవే తల్లీ!" ఎప్పుడో అంతరించిపోయిన పక్షి అస్థిపంజరం మెడ పట్టుకుని మొగుడు బతిమాలుతుంటే, కొత్త పెళ్ళాం పకపకా నవ్వింది.

"నన్నెప్పుడైనా అంత ముద్దుగా పిలిచావా?"

మ్యూజియంలో ఇద్దరిదీ ఎముకలు అతికించే పనే. రేపు కొత్త ఎముకల కోసం అతను గుహలోకి దిగాలి. తానూ దిగుతానని ఆమె పొద్దుటినుంచీ ఒకటే గారాలు.

"ఈ పక్షుల తలలు తిప్పకండమ్మా," అంటూ మ్యూజియం పెద్ద మేడమ్ వచ్చింది. "వీటిని సేకరించినాయనే అన్నిటినీ తలుపు వైపు నిలబెట్టాడు, భార్య వస్తుందేమోనని."

"ఎక్కడికెళ్ళిందావిడ?" అడిగింది కొత్త పెళ్ళాం.

"పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, రేపు మీరు దిగాలనుకుంటున్న ఆ గుహలోకే దిగారు. పైన తాడు చూసేవాళ్ళు లేరు, ముడి జారిపోయింది. ఆయనొక్కడే ఎలాగో బయటపడ్డాడు. జీవితమంతా ఎముకలు ఏరిన మనిషికి ఆవిడ ఎముక ఒక్కటీ దొరకలేదు."

మేడమ్ వెళ్ళిపోయింది. కళ్ళు లేని తలలన్నీ తలుపునే చూస్తున్నాయి. ఆమె కూడా తనకు తెలియకుండానే అటు చూసింది.

అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "భయమేసిందా? పోనీ, రేపు నువ్వు ఇంట్లోనే ఉండు."

"ఇంట్లో ఎందుకుంటాను?" ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుంది. "నువ్వు దిగు. పైన తాడు నేను పట్టుకుంటాను."