మూడున్నరకు వచ్చే నంబరు

“దీనికి ఒక్క స్టార్ కూడా ఎక్కువే!”

అరిస్టిడిస్ తన కొట్లో కూర్చుని కీబోర్డు మీద వేళ్లు టపటపలాడించాడు. ఏడాదికి సరిపడా డబ్బు ముందే కట్టి, కంప్యూటరు కాపలాకి తెచ్చుకున్న ఆ క్లౌడ్ ఫైర్‌వాల్, దాంతోపాటు వచ్చిన వీపీఎన్ నెల రోజులుగా అతని ప్రాణం తోడేస్తున్నాయి. కొట్లో ప్రింటరునే పరాయిదంటుంది. సొంత ధరల పట్టిక తెరవడానికి పాత పాస్‌వర్డ్ ఒక్కటే చాలదట, ఫోనుకొచ్చే ఆరంకెల నంబరు కూడా కొట్టాలట.

“విను కుంబారే, ఏం రాశానో. ‘నేను అడక్కుండానే రోజూ మధ్యాహ్నం మూడున్నరకి ఫోనుకి నంబరు పంపుతుంది. కవాలా ఊరంతా కొట్లు కట్టేసి కునుకు తీసే వేళ అది! నిద్ర పాడు, డబ్బు దండగ. ఎవరూ కొనకండి.’ ఎలా ఉంది?”

“అదిరింది!” అన్నాడు ఎదురు కుర్చీలో కాఫీ తాగుతున్న లాజరోస్. వీధికి అవతల కొట్టు అతనిదే. ఇద్దరిదీ చీజు, ఆలివ్‌ల వ్యాపారమే. అయినా అరిస్టిడిస్ కూతురికి బాప్తిస్మం ఇప్పించి, పేరు పెట్టిన జ్ఞానతండ్రి, గ్రీకుల మాటలో కుంబారో, కాబట్టి ఇంటి మనిషి కింద లెక్క. “కొన్నవాళ్లు రాసినవన్నీ నేనూ చదివాన్లే. అందరూ తిట్టేవాళ్లే. ఇవాళే పీకి పారెయ్. రేపు హోటళ్లకి ధరలు పంపాలి, ఆ గొడవలో ఇదొకటా నీకు?”

థాసోస్ దీవి హోటళ్ల ఆర్డరు మూడేళ్లుగా కిలోకి పది సెంట్లు తక్కువ ధర చెప్పే లాజరోస్‌కే పోతోంది. ఈసారీ పోతే అరిస్టిడిస్ కొట్టు మూసుకోవడమే.

“అన్నయ్యా, తొందరపడకు,” అంది చెల్లెలు ఫోతిని. పావుగంటగా ఆమె ఫైర్‌వాల్ కంపెనీతో ఫోనులో తగువాడుతోంది. “ఆ నంబరు ఊరికే రాదట. ఎవరో సరైన పాస్‌వర్డ్ కొడితేనే వస్తుందట.”

“మూడున్నరకి ఎవరు కొడతారే? కొట్టుకి తాళం. నేను మంచం మీద, నువ్వు మీ ఇంట్లో!”

“పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?”

“నీకే చెప్పలేదు, ఇంకెవరికి చెబుతాను? మా అమ్మాయి మెల్పోమెని పేరు, దాని పక్కన బాప్తిస్మం తేదీ. ఆ తేదీ కూడా నాకు గుర్తులేక, అప్పట్లో కుంబారోనే అడిగి...”

అరిస్టిడిస్ మెల్లగా లాజరోస్ వైపు తిరిగాడు.

లాజరోస్ కప్పు కింద పెట్టేశాడు. “కొట్లో సరుకు దిగాలి, వస్తా మరి,” అంటూ లేవబోయాడు.

“కూర్చో కుంబారే. కాఫీ ఇంకా మిగిలింది కదా!”

అరిస్టిడిస్ రాసిందంతా చెరిపేశాడు. ఐదు స్టార్లూ నొక్కి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ టైపు చేశాడు:

“గట్టి సరుకు. నా కూతురికి పేరు పెట్టినవాణ్ణి కూడా లోపలికి రానివ్వలేదు.”