పేరు లేని పిలుపులు

భీమశంకరం చెవిలోని కాపలా యంత్రానికి ఒకటే నియమం. పనివేళల్లో పేరు పెట్టి పిలిచినవాళ్ల గొంతునే లోపలికి రానిస్తుంది. మిగతావన్నీ ఆపేసి, సాయంత్రానికి చిట్టా రాసి పెడుతుంది. కాకినాడలో ఇంటి నుంచి పనిచేసే వాళ్లందరి చెవుల్లోనూ ఇప్పుడు అదే ఉంది.

ఆయన భార్య హైమావతి పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ స్టూలెక్కి అటక మీది ఆవకాయ జాడీ దించుతుంటే స్టూలు ఊగడం మొదలుపెట్టింది. రెండు చేతుల్లోనూ జాడీ.

"ఏవండీ!"

నాలుగడుగుల దూరంలో ఆయన బీమా కాగితాలు చదువుకుంటూనే ఉన్నాడు.

"ఏవండోయ్, మిమ్మల్నే!"

చివరికి ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని, "భీమశంకరం గారూ!" అని అరిచింది.

"చెప్పండి సార్," అన్నాడాయన తల తిప్పకుండానే. ఆఫీసువాళ్లు తప్ప ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు లేరు.

"సారు కాదు, నేను! పడిపోతున్నాను!"

పరుగున వచ్చి జాడీ అందుకున్నాడు. ఆవిడ ఆయన భుజం పట్టుకుని దిగింది.

సాయంత్రం ఆయన మొదటిసారిగా చిట్టా తెరిచాడు. యంత్రం పెట్టుకున్న మూడేళ్లవీ ఉన్నాయి. దాదాపు అన్నీ 'ఏవండీ'లే. కాఫీ చల్లారిపోతోందని, గ్యాసు అయిపోయిందని. రెండేళ్ల కిందటి జూన్ దగ్గర ఆగిపోయాడు.

"ఏవండీ, తొలకరి వాన. ఒక్కసారి బయటికొచ్చి చూద్దురూ."

లేచి వంటింట్లోకి వెళ్లాడు. "వాన పడుతోందని పిలిచావా?"

ఆవిడ వంకాయలు తరుగుతూ, "అదెప్పుడో వెలిసిపోయిందండీ," అంది.